హనుమకొండలో హైదరాబాద్ జీతం

హైదరాబాద్ వదిలేసి హనుమకొండ వచ్చేశామని చెప్తే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "నెలకెంత మిగులుతోంది?" పిల్లాడికి బడి నచ్చిందా, ఊరు అలవాటైందా అనేవి తర్వాతి సంగతులు. అడిగేవాళ్లను తప్పు పట్టను. మేమూ లెక్క వేసుకునే వచ్చాం. మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌కి 26 వేలు అద్దె, మెయింటెనెన్స్ ఇంకో 4 వేలు. ఇక్కడ సుబేదారి దగ్గర ఒక ఇండిపెండెంట్ ఇంట్లో మొదటి అంతస్తు మొత్తం 12 వేలు. ముందు వరండా, వెనకాల బట్టలారేసుకునే జాగా. మెయింటెనెన్స్ అన్నది లేదు, మోటారు కరెంటు బిల్లు మాత్రం కింది పోర్షన్ వాళ్లతో చెరిసగం.

అంటే నెలకు 18 వేలు మిగులు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఈ అంకె చెప్పగానే ఇద్దరు ముగ్గురు "మేమూ వచ్చేద్దామా?" అన్నారు. యూట్యూబ్‌లో కూడా ఈ మధ్య ఇలాంటి వీడియోలు ఎక్కువయ్యాయి. నగరం వదిలి చిన్న ఊరికి వచ్చిన జంట, డాబా మీద మొక్కలు, చివర్లో ఖర్చుల పట్టిక. ఆ పట్టికలో ఖర్చు వైపే ఉంటుంది. రాబడి ఎక్కడి నుంచి వస్తుందో ఒక్కరూ చెప్పరు. నా గొడవంతా దాని గురించే.

ఇక్కడికొచ్చాక ఏవి తగ్గాయి, ఏవి తగ్గలేదు అని ఒక నెల బిల్లులన్నీ ముందేసుకుని చూశాను. గ్యాస్ బండ, పెట్రోలు, ఫోన్ రీచార్జి, వైఫై, ఇన్సూరెన్స్ ప్రీమియం, పాత లోను ఈఎంఐ... ఘట్‌కేసర్ దాటి వచ్చామని ఇవేవీ కరగలేదు. కందిపప్పు, నూనె, సబ్బులు అంతే. తగ్గినవి ఏంటంటే అద్దె, ఇంటిపనికొచ్చే అక్క జీతం, ఎలక్ట్రీషియన్ కూలి, ఆటో, బండి మీద ఇడ్లీ, పిల్లాడి స్కూలు ఫీజు, ట్యూషను. అంటే తగ్గింది నేల ధర, మనిషి కష్టం ధర. మిగతావన్నీ అక్కడా ఇక్కడా దాదాపు ఒకటే.

జాకెట్టు సంగతి చెప్తాను. మియాపూర్‌లో లైనింగ్ జాకెట్టు కుట్టడానికి 700 తీసుకునేవాళ్లు. ఇక్కడ మా వీధి చివర కుట్టే ఆవిడ 400 తీసుకుంటుంది. చేతి పనితనంలో తేడా ఏమీ లేదు, నిజానికి ఈవిడ మెడ బాగా తిప్పుతుంది. లైనింగ్ గుడ్డ, దారం, హుక్కులు కొనే ధర రెండు చోట్లా ఒకటే. కుట్టుమిషను ధరా అంతే. మరి ఆ 300 ఎందులోంచి తగ్గింది? ఆవిడ మిషను ముందు కూర్చున్న గంటల్లోంచి. నేను "ఇక్కడ కుట్టు చవక" అని సంతోషపడేది అక్కడే.

ఇంతవరకు ఎవరో టైలరు గురించి చెప్తున్నట్టు ఉంది కదా. ఇప్పుడు నా సంగతి.

నేను టీచర్ని. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, జీతం 42 వేలు. ఇక్కడ అదే సబ్జెక్టు, అవే తరగతులు, అదే సిలబస్, జీతం 18 వేలు. ఇంటర్వ్యూలో కరస్పాండెంట్‌గారు ఆ అంకె చెప్పినప్పుడు నా మొహం చూసి, "ఇక్కడ ఇదే మంచి జీతం మేడం" అన్నారు. అబద్ధం కాదు. స్టాఫ్ రూములో 12 వేలకు చెప్పేవాళ్లు ఉన్నారు, వాళ్లలో బీఈడీ చేసినవాళ్లే ఎక్కువ.

మా అబ్బాయీ అదే స్కూలు. మియాపూర్‌లో వాడి ఫీజు ఏడాదికి 1,60,000, ఇక్కడ 65 వేలు. ఫీజు తక్కువని మురిసిపోయేలోపే తెలిసిపోయింది, ఆ ఫీజు తక్కువగా ఉండడానికి కారణాల్లో నేనూ ఒకదాన్నని. ఒకే బడి లెక్కల పుస్తకంలో ఒక పక్క వాడి ఫీజు, ఇంకో పక్క నా జీతం. ఒకటి తగ్గాలంటే రెండోది తగ్గాల్సిందే.

ఏడాది లెక్క వేస్తే ఇలా తేలింది. అద్దెలో మిగిలింది 2,16,000. ఫీజులో మిగిలింది 95 వేలు. మొత్తం 3,11,000. నా జీతంలో పోయింది 2,88,000. తీసేస్తే 23 వేలు. నెలకు రెండు వేలు కూడా కాదు. బంధువుల గ్రూపులో ఈ లెక్క పెట్టలేదు, పెట్టినా చదివేవాళ్లు తక్కువే.

మరి మాకు ఇల్లు సులువుగా గడుస్తున్న మాట నిజమే. ఎందుకంటే మా ఆయన జీతం పైసా తగ్గలేదు. ఆయన హైదరాబాద్ కంపెనీకే పని చేస్తున్నారు, వారానికి రెండు రోజులు ఆఫీసు, మిగతా మూడు రోజులు వరండా పక్క గది. మా స్టాఫ్ రూములో తెలుగు చెప్పే మేడం ఒకరోజు టిఫిన్ బాక్సు మూత తీస్తూ ఒక్క ముక్కలో తేల్చేసింది: "మీకేంది మేడం, సారు జీతం హైదరాబాద్‌ది, ఖర్సు అన్మకొండది." అందులో ఎత్తిపొడుపు లేదు, ఉన్నమాట. ఆమె భర్తకు జీతం హనుమకొండది, ఖర్చు కూడా హనుమకొండదే. వాళ్లకు ఈ ఊరు చవక కాదు. అడిగితే "రేట్లు మండిపోతున్నయి" అంటుంది, మియాపూర్‌లో మేం అన్నట్టే.

చెప్పాలంటే ఈ ఊళ్లో నిమ్మళంగా బతికినవాళ్లలో చాలామంది జీతం ఎప్పుడూ ఈ ఊరు తేల్చింది కాదు. 1959లో వచ్చిన ఆర్ఈసీ, ఇప్పటి ఎన్ఐటీ, అక్కడి ప్రొఫెసర్లు. కాజీపేట జంక్షన్ రైల్వేవాళ్లు. బ్యాంకులవాళ్లు. వీళ్లకు బేసిక్ ఢిల్లీలో ఎంతో ఇక్కడా అంతే. తేడా ముఖ్యంగా ఇంటి అద్దె అలవెన్సులో. కేంద్ర ఉద్యోగుల లెక్కలో హైదరాబాద్ ఎక్స్ క్లాసు, వరంగల్ వై క్లాసు. 2024 జనవరి నుంచి ఎక్స్ నగరాల్లో బేసిక్ మీద 30 శాతం, వై నగరాల్లో 20 శాతం. నాకు ఇది చాలా న్యాయమైన పద్ధతిలా కనిపిస్తుంది. అద్దె తక్కువ కాబట్టి అద్దె డబ్బు తగ్గించారు, పని అదే కాబట్టి పనికిచ్చేది తగ్గించలేదు. ప్రైవేటులో మాత్రం "చిన్న ఊరు కదా" అని మొత్తం జీతాన్నే కోసేస్తారు. పాఠం మాత్రం ఊరిని బట్టి చిన్నదవదు.

ఊరు స్వయంగా జీతాలిచ్చిన రోజులూ లేకపోలేదు. 1934లో నిజాం కాలంలో పెట్టిన ఆజంజాహి మిల్లు వేలమందికి అన్నం పెట్టింది. మిల్లు మూతపడింది, నేల చాలావరకు ప్లాట్లయింది. చుట్టుపక్కల నేతపనివాళ్లు సూరత్‌కు, భివండికి పోయారు. 2017లో గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు, అలా పోయినవాళ్లను వెనక్కి రప్పించడమే ఉద్దేశమన్నారు. మడికొండలో 2020లో టెక్ మహీంద్రా, సైయెంట్ ఐటీ ఆఫీసులు తెరిచారు. మంచిదే. కానీ మా స్కూల్లో పదో తరగతి పిల్లలను పెద్దయ్యాక ఎక్కడుంటారని అడిగితే హైదరాబాద్ తప్ప ఇంకో ఊరి పేరు రాదు. అద్దె తక్కువని మేం ఇటు వస్తుంటే, జీతం తక్కువని వీళ్లు అటు పోతున్నారు. రైలు ఒకటే, కాజీపేట ప్లాట్‌ఫారమ్‌లే వేరు.

ఇంక ఇల్లు వెతుక్కున్న సంగతి. కొత్తగా వచ్చేవాళ్లకు ఇదొక్కటైనా పనికొస్తుంది.

మొదట చూసిన ఇల్లు హంటర్ రోడ్డు వైపు. విశాలమైన హాలు, మార్బుల్, మూడు బెడ్‌రూములు, అద్దె 9 వేలు. మా ఆయన అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేలా ఉన్నారు. నాకు హాల్లో ఏదో తేడాగా అనిపించింది కానీ ఏంటో తట్టలేదు. ఫ్యాన్ వేసి చూద్దామని చెయ్యి చాపితే స్విచ్ అందాలంటే భుజం ఎత్తాల్సి వచ్చింది. అన్ని గదుల్లో స్విచ్ బోర్డులు అంతే ఎత్తులో ఉన్నాయి. కింద, మామూలుగా బోర్డు ఉండాల్సిన చోట, సిమెంటుతో పూడ్చిన చతురస్రాలు, పైన కొత్త రంగు. తలుపు చట్రం అడుగున చెక్క ఉబ్బి, పెచ్చు లేచి ఉంది. "బోర్డులు ఎందుకంత పైన?" అంటే బ్రోకరు "కొత్త వైరింగ్ మేడం, పిల్లలకు సేఫ్" అన్నాడు. గేటు బయట ఇస్త్రీ బండి దగ్గర అడిగితే అతను నవ్వి తన నడుం మీద చెయ్యి పెట్టి చూపించాడు, "ఇంత" అని.

2023 జులై చివర్లో కురిసిన వానకు నయీంనగర్ నాలా పొంగింది, హంటర్ రోడ్డు వైపు కాలనీలు మునిగాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. 2025 అక్టోబరులో మోంథా తుపానుకు మళ్లీ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. చెరువుల ఊరు ఇది. కాకతీయులు గొలుసుకట్టుగా తవ్విన చెరువుల మధ్య నీళ్లు పోయే దారుల్లో మనం ఇళ్లు కట్టుకున్నాం. కాబట్టి ఇక్కడ అద్దె మరీ తక్కువగా ఉందంటే ఓనరు మంచితనం అనుకోకండి. ఇస్త్రీ అతన్ని అడగండి.

ఇప్పుడున్న ఇల్లు కాస్త ఎత్తు మీద. ఓనరు రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన. "ఏం జేస్తరు సారు?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ అన్నాం. "ఇంట్ల నుంచేనా?" అవునన్నాం. "పన్నెండు." బేరానికి సందు ఇవ్వలేదు. మాకు 12 అంటే నవ్వొచ్చేంత తక్కువ, వెంటనే ఒప్పుకున్నాం. అప్పటికి కింది పోర్షన్‌లో ఉన్న కుటుంబం 9 వేలు ఇస్తోంది. అతను ఒక ఫైనాన్స్ కంపెనీలో వసూళ్లకు తిరిగేవాడు, ఇద్దరు ఆడపిల్లలు. మరుసటి ఏడు ఓనరు వాళ్ల దగ్గరికెళ్లి "పైన పన్నెండు ఇస్తున్నరు గదా" అని 11 అడిగాడు. వాళ్లు హసన్‌పర్తి వైపు మారిపోయారు. సామాను ఆటో ఎక్కిస్తుంటే మేమూ ఓ చెయ్యేశాం. ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది, పిల్లలకు బడి దూరమవుతుందని మాత్రం రెండుసార్లు అంది.

మేం చేసింది తప్పని అనను. అడిగిన అద్దె ఇచ్చాం. కానీ హైదరాబాద్ జీతాలు వచ్చి చేరేకొద్దీ ఈ ఊరి అద్దెలు ఎవరి చేతికి అందకుండా పోతాయో తెలియనట్టు వీడియోలు తీసుకోవడం బాగోదు. గచ్చిబౌలి, కొండాపూర్ పాతకాపులు ఈ సినిమా ఎప్పుడో చూశారు.

ఇన్ని చెప్పి మళ్లీ ఇక్కడే ఎందుకున్నావంటారా? మిగిలింది డబ్బు కాదు, పొద్దు. మియాపూర్‌లో నేను స్కూలు బస్సు పట్టుకోవడానికి ఆరింటికే ఇల్లు వదిలేదాన్ని. మా ఆయన రాయదుర్గం నుంచి ఇల్లు చేరేసరికి పిల్లాడు నిద్రపోయేవాడు. ఇక్కడ స్కూలు స్కూటీ మీద పది నిమిషాలు. సాయంత్రం ఐదున్నరకు ముగ్గురం ఇంట్లో ఉంటాం, ఒకళ్ల మీద ఒకళ్లం విసుక్కోవడానికి కూడా తీరిక దొరుకుతోంది. మాది తెనాలి దగ్గర పల్లె. గోల్కొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కినా కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కినా ఇక్కడి నుంచి పుట్టింటికి రెండు గంటలు దగ్గర. అమ్మ ఫోన్లో "రేపు రా" అంటే రేపు వెళ్లగలుగుతున్నాను.

ఆఫీసు రోజుల్లో మా ఆయన పాట్లు వేరు. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. రైల్వే సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తుంది కాబట్టి రోజూ అప్ అండ్ డౌన్ చేసేవాళ్లు ఇక్కడ బోలెడంతమంది. అందులో గవర్నమెంటు ఉద్యోగులు, కోర్టు గుమాస్తాలు, నర్సులు ఉంటారు. జనరల్ బోగీలో ఎవరి సీటు వాళ్లదే, కొత్తవాడు కూర్చుంటే మర్యాదగా లేపుతారు. సికింద్రాబాద్‌లో దిగి మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా ఒకటే లైను. తెల్లారకముందు బయల్దేరి రాత్రి తొమ్మిది దాటాక వస్తారు. రెండు రోజులు కాబట్టి నడుస్తోంది. పెద్ద కంపెనీలు కొన్ని 2023 నుంచే ఉద్యోగుల్ని ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంటున్నాయి. మా ఇంట్లో హెచ్ఆర్ నుంచి మెయిల్ వస్తే టెన్షన్. మా సంసారం మొత్తం ఆ ఒక్క మెయిల్ మీద నిలబడి ఉంది, 12 వేల అద్దె మీద కాదు.

అలవాటు పడడం గురించి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. కోతులున్నాయి. వరండాకు ఇనుప జాలీ కొట్టించేదాకా అరటిపళ్లు, ఒకసారి మా ఆయన హెడ్‌ఫోన్లు పోయాయి. బతుకమ్మకు నేను చామంతులు కొనుక్కొస్తే పక్కింటి పెద్దమ్మ చూసి, తంగేడు, గునుగు లేకుండా ఏం బతుకమ్మ అని పళ్లెం లాక్కుని మొదటి నుంచీ తనే పేర్చింది. "మీది ఆంధ్రనా?" అని అడిగినవాళ్లున్నారు, అడిగి సకినాలు పెట్టినవాళ్లే అందరూ. ఇక్కడి చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు వచ్చింది. టమాటా పండులా ఉంటుంది, రంగు దండిగా, కారం తక్కువ. గుంటూరు కారం తిని పెరిగిన నాలుకకు దాంతో పెట్టిన ఆవకాయ ఎర్రగా కనిపించి చప్పగా తగులుతుంది. ఇప్పుడు సగం ఇది, సగం అమ్మ పంపింది కలుపుతున్నాను.

ఒక్క విషయంలో మాత్రం అలవాటు పడలేదు, వైద్యం. జ్వరాలకు, కాన్పులకు, గుండెకు కూడా ఇక్కడ ఆసుపత్రులకు లోటు లేదు. ఎంజీఎం ఉంది, కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది. కానీ మా అత్తగారిది కీళ్లవాతం, ఏళ్లుగా చూస్తున్న డాక్టరు హైదరాబాద్‌లోనే. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్ బస్సులో ప్రయాణం ఉచితం, నేనొక్కదాన్నే అయితే అలాగే వెళ్లొస్తాను. ఆవిడను ఆ రద్దీలో మూడున్నర గంటలు కూర్చోబెట్టలేం. కారు మాట్లాడుకుని వెళ్లి, చూపించుకుని, టెస్టులు చేయించుకుని వస్తే ఆ నెల అద్దెలో మిగిలినదాంట్లో సగం అయిపోతుంది. పైగా నాకొక సెలవు, 18 వేల జీతంలో కోతతో సహా.

పనికొచ్చే అక్క విషయంలో వీధిలో చిన్న రగడ అయింది. ఆమె 2,500 అడిగింది, నేను 3 వేలిస్తానన్నాను. మియాపూర్‌లో అదే పనికి 4,500 ఇచ్చేదాన్ని, ఆ అలవాటు. రెండు రోజుల్లో ఎదురింటి మేడం వచ్చింది. "గంత ఇస్తరా? రేట్లు ఖరాబ్ జేస్తున్నరు మేడం. రేపు మమ్మల్ని గూడ అడుగుతది." ఆవిడ బాధ ఆవిడది, ఆవిడదీ ప్రైవేటు జీతమే. అయితే ఒకటి గమనించాను. ఓనరుకు మేం కింది వాళ్లకంటే 3 వేలు ఎక్కువిచ్చినప్పుడు రేట్లు ఖరాబ్ చేస్తున్నారని ఒక్కరూ అనలేదు. సొంత ఇళ్లున్నవాళ్లు సంతోషించారు కూడా. అదే ఇల్లు తుడిచే మనిషికి 500 ఎక్కువిచ్చేసరికి వీధి వీధంతా తెలిసిపోయింది. 3 వేలే ఇస్తున్నాను.

అందుకే బంధువులు ఎవరైనా ఇటు వస్తామంటే అద్దెల సంగతి నేను చివర్లో చెప్తున్నాను. ముందు నేను అడిగేది, నీ జీతం నీతో పాటు వస్తుందా, ఎన్నాళ్లు వస్తుంది? ఇంట్లో ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే ఇద్దరిదీ వస్తుందా? చాలా ఇళ్లలో ఇలా మారినప్పుడు కోత పడేది భార్య జీతానికే, దాన్ని ఎవరూ ఖర్చు కింద రాయరు. మా తమ్ముడు ఈ ప్రశ్నకు చిరాకు పడ్డాడు. మరదలు మాత్రం మర్నాడు విడిగా ఫోన్ చేసి ఇక్కడ ఫార్మసీ కాలేజీల్లో జీతాలు ఎంతుంటాయో కనుక్కోమంది.

మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025లో కేంద్రం అనుమతి వచ్చినప్పటి నుంచి ప్లాట్లవాళ్ల ఫోన్లు ఎక్కువయ్యాయి. పోయిన నెల ఒకతను ఇంటికే వచ్చాడు, లేఅవుట్ మ్యాపు టీపాయ్ మీద పరిచి, ముప్పై అడుగుల రోడ్డు, ఈస్ట్ ఫేసింగ్ అంటూ గజం రేటు చెప్పాడు. మియాపూర్‌తో పోలిస్తే ఏమీ లేదని మా ఆయన కాలిక్యులేటర్ తీశారు. నేనూ తీశాను. ఆయన తన జీతంతో లెక్కేస్తే మూడేళ్లలో అప్పు తీరిపోతోంది. నా జీతంతో, అంటే ఈ ఊరు ఇచ్చే జీతంతో వేస్తే నేను రిటైరయ్యాక కూడా కంతులు మిగిలాయి. ప్లాటు ఆయన మాకు ఆదివారం సైటు చూపిస్తానన్నాడు. హెచ్ఆర్ మెయిల్ సంగతి తేలేదాకా వద్దని చెప్పాను.